డీఎంపీలో 38 నెలలు: కట్టేది ఒక్కసారే, గడువులు మాత్రం నాలుగు

అప్పుల నిర్వహణ పథకం, అదే డీఎంపీ, అంటే ఒక కౌన్సెలింగ్ సంస్థ బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గింపజేసి, మన దగ్గర నెలకోసారి డబ్బు తీసుకుని వాటికి పంచే ఏర్పాటు. నా నాలుగు క్రెడిట్ కార్డులు అందులో పెట్టి ఇది 38వ నెల. ఇంకో ఏడాదిన్నర ఉంది. మొదట్లో ఎవరడిగినా "కళ్లు మూసుకుని చేరిపోండి" అనేవాణ్ణి. చేరమనే ఇప్పటికీ అంటాను గానీ, కళ్లు మూసుకోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నా గొడవంతా డ్యూ డేట్లతోనే. "నెలకోసారి మాకు కట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు కౌన్సెలింగ్ సంస్థవాళ్లు. పూర్తిగా నమ్మేశాను. ఆ ఎర్ర అంకెలు చూసే బాధ తప్పిందని కార్డుల యాప్‌లన్నీ ఫోన్‌లోంచి తీసేశాను కూడా.

జీతం పడేది 1న. సంస్థ డబ్బు తీసుకునేది 5న, బ్యాంకులకు పంచేది 12న. మూడు కార్డుల గడువు ఆ తర్వాతే కాబట్టి ఇబ్బంది లేదు. నాలుగో కార్డు గడువు 10. దాన్ని మార్పించాలని మొదటి రోజే అనుకున్నాం. నేను అడుగుతానని వాళ్లు, వాళ్లు అడుగుతారని నేను ఊరుకున్నాం. నాలుగో నెలలో ఎందుకో ఆ స్టేట్‌మెంట్ తెరిచాను. బాకీ తగ్గలేదు సరికదా, చేరిన రోజుకన్నా ఎక్కువుంది. మూడు నెలలకు మూడు లేట్ ఫీజులు. 8 శాతం ఉండాల్సిన వడ్డీ మళ్లీ పాత 27 శాతం. వరుసగా ఆలస్యమైతే రాయితీ రద్దవుతుందని ఒప్పందంలో ఉందన్నారు. ఉంది, తర్వాత చదివాను.

బ్యాంకువాళ్లు సంస్థను అడగమన్నారు, సంస్థవాళ్లు బ్యాంకును అడగమన్నారు. విసిగిపోయి, ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపి కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో గడువు 20కి మారింది! మూడు నెలలు వరుసగా సమయానికి అందాక రాయితీ వడ్డీ తిరిగొచ్చింది. రెండు లేట్ ఫీజులు వెనక్కి ఇచ్చారు, మూడోది పోయినట్టే.

ఇంకోటి. పథకంలో చేరాక కార్డు మూసేశారు కదా, ఇక దాని మీద ఏమీ పడదనుకున్నాను. ఎప్పుడో ఆటో పే పెట్టి మరిచిపోయిన సబ్‌స్క్రిప్షన్ ఒకటి మూసిన కార్డు మీదే దర్జాగా పడింది. చేరే ముందే పాత స్టేట్‌మెంట్లు తిరగేసి అలాంటివన్నీ ఆపేసి ఉండాల్సింది.

వసూలు కాల్స్ ఆగిపోయాయని తెగ మెచ్చుకునేవాణ్ణి. నిజమే, కానీ ఏ బ్యాంకు కాల్స్ అయినా, సంస్థ పంపిన ప్రతిపాదనకు ఆ బ్యాంకు ఒప్పుకున్నాకే ఆగాయి. అప్పటిదాకా కాల్స్ వస్తూనే ఉన్నాయి, కనీస మొత్తం నేనే కట్టుకోవాల్సి వచ్చింది.

నాకు నెలనెలా జీతం వస్తుంది, ఈ మూడేళ్లలో పెద్ద ఖర్చేదీ మీద పడలేదు. అందుకే నెట్టుకొచ్చాను. ఒక నెల ఆదాయం ఉండి ఒక నెల ఉండనివాళ్లకు చేరమని చెప్పే ధైర్యం నాకు లేదు.

యాప్‌లన్నీ మళ్లీ ఫోన్‌లోకి వచ్చాయి. ప్రతి నెలా 14న నాలుగూ తెరిచి డబ్బు అందిందో లేదో చూస్తాను. రెండో కార్డు బాకీ వచ్చే నెలతో సున్నా అవుతుంది. ఆఖరి వాయిదా కట్టాక కూడా మిగులు వడ్డీ అంటూ కొంత పడొచ్చన్నారు, అందుకని దాని యాప్ ఇంకో రెండు నెలలు ఉంచుతాను.