పదహారు గంటలా, వారానికి రెండు రోజులా, రోజూ కాస్త తగ్గించడమా?

"ఫాస్టింగ్ చేస్తే ఎన్ని కిలోలు తగ్గుతాం?" అని అడిగినవాళ్లని నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. రాత్రి భోజనం అయ్యాక, పడుకునేలోపు వంటగదిలోకి ఎన్నిసార్లు వెళ్తారు? ఇబ్బందిగా నవ్వారంటే వాళ్లకి 16:8 అనే ఉపవాస పద్ధతి పనికొస్తుంది. "అసలు వెళ్లను, ఎనిమిదింటికే ముగించేస్తాను" అన్నారంటే దానివల్ల ఒరిగేది తక్కువ. వాళ్ల క్యాలరీలు ఇంకెక్కడో దాక్కున్నాయి.

రెండేళ్లలో నేను మూడు దారులూ నడిచాను. మొదటిది 16:8. రోజులో ఎనిమిది గంటల్లోనే తిండి, మిగతా పదహారు గంటలూ నీళ్లు, బ్లాక్ కాఫీ లాంటివి. రెండోది 5:2. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు మాత్రం ఆడవాళ్లయితే 500, మగవాళ్లయితే 600 క్యాలరీలతో సరిపెట్టుకోవడం. మూడోది పాత పద్ధతే, ఏ గడియారమూ లేకుండా ప్రతి రోజూ కొంత తగ్గించి తినడం. రోజుకి ఒక్క పూట తినేవాళ్లూ ఉన్నారు. ఒక్కసారి కూర్చుని రోజుకి సరిపడా ప్రొటీన్ తినడం నావల్ల కాలేదు, నాలుగో రోజుకే వదిలేశాను కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను.

ముందు తూకం మాయ సంగతి చూద్దాం. 16:8 మొదలుపెట్టిన ఆరో రోజు ఉదయం తూకం మీద నిలబడితే కిలోన్నర తగ్గినట్టు చూపించింది. దిగి, మళ్లీ ఎక్కి చూసుకున్నాను. అదే అంకె. ఆ రోజంతా నేల మీద నడవలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కాలేయంలోనూ కండరాల్లోనూ శరీరం దాచుకునే గ్లైకోజెన్ (పిండిపదార్థపు నిల్వ) ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు పోతుంది. రెండు రోజులు కడుపునిండా తింటే ఆ నీరు తిరిగొస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. ఆరు రోజుల్లో అంత లోటు నేను పెట్టలేదని వేళ్ల మీద లెక్కేసుకున్నా తెలిసేది. మొదటి వారం అంకె చూసి ఏ పద్ధతినీ మెచ్చుకోవద్దు, మూడో వారం అంకె చూసి తిట్టుకోనూ వద్దు.

లెక్క అంటూ వచ్చింది కాబట్టి అదీ తేల్చుకుందాం. రోజుకి 2,000 క్యాలరీలు కావలసిన మనిషి వారంలో రెండు రోజులు 500తో గడిపితే వారానికి 3,000 లోటు. ఏడు రోజులకి పంచితే రోజుకి 430 దగ్గర. 16:8 చేసేవాళ్లు లెక్క పెట్టకుండానే రోజుకి ఎంత తగ్గించారో 2023లో అమెరికాలో అచ్చయిన ఏడాది పరిశోధన ఒకటి చూసింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా మాత్రమే తినమన్నవాళ్లు సుమారు 400 పైచిలుకు తగ్గించారు. రోజూ క్యాలరీలు లెక్కపెట్టుకున్నవాళ్లూ దాదాపు అంతే. ఏడాది చివరికి, ఏమీ మార్చకుండా ఉన్నవాళ్లతో పోలిస్తే గడియారం వాళ్లు దాదాపు నాలుగున్నర కిలోలు, లెక్కల వాళ్లు ఐదున్నర కిలోలు తగ్గారు. ఆ రెండు అంకెల మధ్య తేడా లెక్కలోకి వచ్చేంత కాదు. మూడు దారులూ తిరిగి తిరిగి ఆ 400 దగ్గరికే చేరుతున్నాయి. తేడా ఉన్నదల్లా ఏది ఎక్కడ చెడిపోతుందనే దాంట్లోనే. నేను పోల్చి చూసేదీ అదే.

16:8 చెడిపోయేది తలుపు తెరుచుకునే వేళ. మొదటి పది రోజులూ ఉదయం పదకొండు నుంచి గోడ గడియారం వైపే నా చూపు. పన్నెండు కొట్టగానే కూర్చుని తినడం కాదు, నిలబడే బిస్కెట్ ప్యాకెట్ చింపేవాణ్ణి. పదహారు గంటలు ఉపవాసం ఉన్నాననే గర్వం ఒకటి, "ఈ ఎనిమిది గంటలు నావే" అనే ధీమా ఒకటి. అలా మూడు వారాలు కష్టపడితే, ఆరో రోజు చూసిన ఆ నీటి తగ్గుదల తప్ప తూకం ముల్లు కదల్లేదు. 2020లో శాన్ ఫ్రాన్సిస్కోలో 116 మందితో పన్నెండు వారాలు జరిగిన పరీక్షలో తేలిందీ ఇలాంటిదే. 16:8 పాటించినవాళ్లు సగటున 0.94 కిలో, మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలో తగ్గారు. ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లకెవరూ చెప్పలేదు. గంటలు మాత్రమే చెప్పారు. గంటలు కంచె లాంటివి. కంచె వేసినంత మాత్రాన లోపల పంట మారదు.

ఆ పరీక్షలోనే ఇంకో సంగతి నన్ను ఎక్కువ భయపెట్టింది. దగ్గరుండి కొలిచిన కొందరిలో పోయిన బరువులో పెద్ద భాగం కొవ్వు కాదు, కండ తదితరాలు. ఉదయం పూట తిండి ఎగ్గొడితే రోజు మొత్తం ప్రొటీన్ తగ్గిపోవడం చాలా సులువు. అప్పటినుంచి నేను ఉపవాసం విడిచే మొదటి ముద్దలో గుడ్లో, పప్పో, పెరుగో ఉండేలా చూసుకున్నాను. కిలో బరువుకి రోజుకి 1.2 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్, వారానికి రెండుసార్లు బరువులు ఎత్తడం. బిస్కెట్ల గోల కూడా దాంతోనే సగం తగ్గింది.

పాలు పోసిన కాఫీ తాగితే ఉపవాసం చెడుతుందా అని ఎంతోమంది అడుగుతుంటారు. బరువు తగ్గడమే లక్ష్యమైతే ఒక చెంచా పాలతో కొంప మునగదు. కానీ ఒక చెంచా అన్నది చక్కెరతో కలిపి ముప్పావు గ్లాసు అయ్యే వేగం నాకు తెలుసు. అందుకే బ్లాక్ కాఫీకి అలవాటుపడ్డాను. రుచి ఇప్పటికీ నచ్చదు.

తినే కిటికీ, అంటే తిండికి కేటాయించిన ఆ గంటలు, ఎప్పుడు తెరవాలన్నది 16:8లో అంతగా మాట్లాడుకోని విషయం. 2018లో ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) ఉన్న ఎనిమిది మంది మగవాళ్లతో చిన్న పరీక్ష చేశారు. మధ్యాహ్నం మూడు లోపే రోజు తిండి ముగించేయాలి. బరువు తగ్గకుండా చూసుకున్నా ఐదు వారాల్లో వాళ్ల శరీరం ఇన్సులిన్‌కి మెరుగ్గా స్పందించింది, బీపీ కూడా తగ్గింది. ఎనిమిది మందిని చూసి లోకమంతటికీ సూత్రం రాయలేం. అయినా ఉదయం తిని రాత్రి మానేయడంలో శరీరానికి లాభం ఉన్నట్టుంది. ఇంట్లో నలుగురూ కలిసి తినేది రాత్రే కావడం చిక్కు. మూడింటికి భోజనం ముగించి, రాత్రి మిగతావాళ్లు తింటుంటే పక్కన మంచినీళ్ల గ్లాసుతో కూర్చోవడం వారం రోజులు చేసి చూశాను. ఆకలి కంటే ఒంటరితనం ఎక్కువ బాధపెట్టింది.

5:2 నాకు వేరే రకంగా ఎదురు తిరిగింది. సోమ, గురువారాలు పెట్టుకున్నాను. మొదటి సోమవారం 600 క్యాలరీలు అంటే ఎంతో చూద్దామని వంటింటి త్రాసు మీద తూచి పళ్లెంలో పెట్టాను. పళ్లెంలో సగం పైగా ఖాళీ. రెండు ఉడికించిన గుడ్లు, గిన్నెడు ఉడికిన కూరగాయలు, ఒక ఆపిల్ పెడితేనే 300 దగ్గరికి వెళ్లింది. సాయంత్రానికి తలనొప్పి, రాత్రి రెండింటికి మెలకువ. అయితే ఆ రోజు మానసికంగా తేలిక కూడా. ఏం తినాలా అన్న ఆలోచనే లేదు, ఉన్నది అంతే. మంగళవారం మామూలు తిండి ఎదురుచూస్తోందన్న ఆశ ఉంటుంది. 16:8లో ఆ ఆశ ఉండదు, రేపూ ఇదే గడియారం.

చెడిపోయింది ఆదివారం రాత్రుల్లో. "రేపు ఎలాగూ లేదు కదా" అని రెండోసారి వడ్డించుకోవడం మొదలైంది. నెల తిరిగేసరికి సోమవారం మిగిల్చింది ఆదివారం తినేస్తోంది. ఇది నా ఒక్కడి బలహీనత కాదు. రోజు విడిచి రోజు ఉపవాసం చేసేవాళ్లని 2017లో షికాగోలో ఏడాది పాటు గమనిస్తే, ఉపవాసం రోజున చెప్పినదానికంటే ఎక్కువ, మిగతా రోజుల్లో చెప్పినదానికంటే తక్కువ తింటూ వచ్చారు. పేరుకి ఉపవాసం, నడిచింది రోజూ కాస్త తగ్గించడమే. మధ్యలో మానేసినవాళ్లు ఉపవాసం జట్టులో 38 శాతం, రోజూ తగ్గించే జట్టులో 29 శాతం.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం. 2025లో అచ్చయిన కొలరాడో పరీక్షలో వారానికి మూడు రోజులు, వరుసగా కాకుండా, తిండిని 80 శాతం తగ్గించినవాళ్లు ఏడాదిలో సగటున 7.7 కిలోలు తగ్గారు. రోజూ కొంత తగ్గించినవాళ్లు 4.8 కిలోలు. తేడా స్పష్టంగానే ఉంది. అయితే రెండు జట్లకీ గ్రూప్ కౌన్సెలింగ్, జిమ్ సదుపాయం ఇచ్చారు. అలాంటి తోడు ఉన్నవాళ్లకి కొన్ని గట్టి రోజులు, మిగతావి మామూలు రోజులు అన్న పద్ధతి బాగా కుదిరే వీలుంది. నాకు తోడు త్రాసు ఒక్కటే.

మూడో దారి, రోజూ తగ్గించడం, వినడానికి చప్పగా ఉంటుంది. దానికి పేరు లేదు, ముందూ తర్వాతా అంటూ పెట్టే ఫొటోలు లేవు. కానీ నా కళ్లు తెరిపించింది అదే. వంట చేసేటప్పుడు నూనె సీసా నుంచి నేరుగా వంచడం నా అలవాటు. ఒక రోజు అలా వంచబోయేది ముందు కొలత చెంచాలోకి వంచి చూశాను. నేను "కొంచెం" అనుకున్నది మూడు టేబుల్ స్పూన్లు. ఒక్కో టేబుల్ స్పూన్ నూనెలో 120 క్యాలరీలు. అంటే 360, దాదాపుగా ఆ 400 అంతా అక్కడే ఉంది. పదహారు గంటల ఉపవాసం పాపం ఆ సీసా ముందు ఎలా నిలబడుతుంది?

దీనికీ చెడిపోయే చోటు ఉంది, అది విసుగు. ప్రతి ముద్దనీ ఫోన్‌లో ఎక్కించడం ఆరు వారాలకి మించి నావల్ల కాలేదు. బయట తిన్న రోజు అంచనాలే గతి, ఆ అంచనాలు ఎప్పుడూ మనకి అనుకూలంగానే పడతాయి.

గడియారం, రోజూ తగ్గించడం, ఈ రెండూ కలిపితే? చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందితో జరిగి 2022లో వెలువడిన ఏడాది పరీక్షలో అందరికీ క్యాలరీలు తగ్గించారు. సగం మందిని ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినమన్నారు. గడియారం ఉన్నవాళ్లు 8 కిలోలు, లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. వైద్యులు ఆ తేడాని నిలబడే తేడాగా ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను, కానీ గడియారం హాని చేయలేదన్న మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఆటోఫజీ (కణాలు తమలోని పాడైన భాగాల్ని తామే అరిగించుకోవడం) పేరు చెప్పి పదహారు గంటలకి కణాలు శుభ్రమైపోతాయనేవాళ్లని అంతగా నమ్మకండి. దానికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే, ఆ పరిశోధన నడిచింది ఈస్ట్ కణాల మీద. అలాగే 2024లో "ఎనిమిది గంటల తిండితో గుండె మరణాలు 91 శాతం ఎక్కువ" అన్న వార్త చూసి హడలిపోనూ వద్దు. ఆ పరిశోధకులు ఎవరినీ ఉపవాసం ఉంచలేదు. రెండు రోజుల తిండి వివరాలు అడిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మరణాలు చూశారు. జబ్బుతో తినలేనివాళ్లూ, తీరిక లేక తిననివాళ్లూ ఆ ఎనిమిది గంటల్లో పడి ఉండొచ్చు.

కొందరు మాత్రం ఈ పోలికలోకే రాకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్‌కి గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌తో డోసు మాట్లాడుకోకుండా ఒక్క పూట కూడా మానకూడదు. మాత్ర పనిచేస్తూనే ఉంటుంది, కడుపులో తిండి ఉండదు, షుగర్ పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు, ఇప్పటికే బరువు తక్కువగా ఉన్నవాళ్లు, తిండి విషయంలో ఒకప్పుడు మానసికంగా నలిగినవాళ్లు కూడా అంతే. ఆ చివరివాళ్లకి "కిటికీ", "నియమం" అన్న మాటలే పాత గాయాన్ని రేపుతాయి.

ఇప్పుడు నేను చేస్తున్నది 14 గంటలు. రాత్రి ఎనిమిదికి వంటగది లైటు ఆర్పేస్తాను, ఉదయం పదికి తింటాను. నూనె సీసా పక్కన కొలత చెంచా ఉంది. వారానికి ఒక రోజు ఏ లెక్కా లేదు. 16:8 కంటే ఇది గొప్పదని కాదు, దీన్ని పద్నాలుగు నెలలుగా వదలలేదు. ఏడు కిలోలు తగ్గాను, అందులో ఒకటిన్నర తిరిగొచ్చింది.

మీరు ఏది మొదలుపెట్టినా ఆరు వారాలు ఇవ్వండి, తూకంతోపాటు టేపు కూడా పెట్టుకోండి. ఉదయం ఏమీ తినకముందు, ఊపిరి మామూలుగా వదిలాక, బొడ్డు మీదుగా, టేపు బిగించకుండా. కడుపు లోపలికి పీల్చుకుని కొలిచిన రోజులు నావి చాలా ఉన్నాయి, వాటిని పుస్తకంలో కొట్టేశాను.