క్యాండీలో తెల్లవారుజామున 1990 కి ఫోన్

మేముండేది చెన్నైలో, పెరంబూర్ పక్కన. 2024 మార్చిలో నేను, మా ఆయన, అమ్మా నాన్న కలిసి వారం రోజులు శ్రీలంక వెళ్లొచ్చాం. ఫ్లైట్ గంటన్నర లోపే, ఎక్కి కూర్చుని ఇచ్చింది తినేలోపు దిగమంటారు, అందుకని ఫారిన్ వెళ్తున్నాం అన్న ఆలోచనే ఎవరికీ లేదు, నాన్నయితే తిరుపతికి వెళ్తున్నట్టే సంచి సర్దుకున్నారు.

కొలంబోలో మొదటి రెండు రాత్రులు సముద్రం కనిపించే పెద్ద హోటల్, పేరు చెప్పను. లిఫ్ట్ ఉంది, రూమ్ బాగుంది, ఫోన్ పక్కన 24 గంటల డాక్టర్ అని కార్డు కూడా పెట్టారు. మొదటి రాత్రే అమ్మకి వాంతులైతే ఆ నంబర్‌కి చేశాం, ఎవరూ ఎత్తలేదు, కింద రిసెప్షన్‌లో అబ్బాయి పొద్దున చూద్దాం మేడమ్ అన్నాడు. నా బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండబట్టి గట్టెక్కాం. ఆ డబ్బులో సగానికి వెల్లవత్త వైపు దిగుండొచ్చు, అక్కడ తమిళం వాళ్లు ఎక్కువ, ఇడ్లీ దోసె దొరుకుతాయి, పెద్దవాళ్లు ఉంటే అదే నయం.

క్యాండీలో బుక్ చేసింది సరస్సు పైన గుట్ట మీద హోమ్‌స్టే. ఫోటోల్లో వ్యూ చూసి మా ఆయన పడిపోయారు. కారు కింద రోడ్డు మీదే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి నిటారుగా మెట్లు, ఆ సంగతి లిస్టింగ్‌లో ఎక్కడా లేదు. కానీ ఇంటి ఆంటీ బంగారం లాంటి మనిషి. ఆ సాయంత్రం బుద్ధుడి దంతం ఉంచిన గుడి దళద మాలిగావ చూసి సరస్సు చుట్టూ నడిచాం, ఆ సరస్సు తవ్వించింది క్యాండీ ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహ, నాయకర్ వంశం వాడు, 1815లో బ్రిటిష్ వాళ్లు పట్టుకుని మన వేలూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. నాయకర్లంటే మన తెలుగు మూలాలున్న వాళ్లే కదా, నాన్న ఆ కథ చెప్తూ చెప్తూ రెండు రౌండ్లు నడిచేశారు.

రాత్రి భోజనంలో కొబ్బరి పచ్చడి, పోల్ సంబోల్ అంటారు, అందులో ఎండు చేప పొడి వేస్తారని నాన్నకి తెలిసిపోయింది. ఇక ఏదీ ముట్టలేదు, రెండు అరటిపండ్లు తిని పడుకున్నారు. షుగర్ టాబ్లెట్ మాత్రం అలవాటు ప్రకారం వేసేసుకున్నారు, మాకు చెప్పలేదు.

నాలుగున్నరకి అమ్మ తలుపు బాదింది. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. పక్షవాతమేమో అని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, ఫోన్ తీసి 108 నొక్కాను, నిజంగా, శ్రీలంకలో కూర్చుని. అమ్మ పంచదార నీళ్లు నోట్లో పోయబోతుంటే ఆంటీ చెయ్యి పట్టుకుని ఆపింది, స్పృహ సరిగ్గా లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని. అక్కడి అంబులెన్స్ నంబర్ 1990 కి ఫోన్ చేసింది కూడా ఆవిడే.

ఆ 1990 కథ తర్వాత తెలిసింది. సువ సెరియ అంటారు, 2016లో మన దేశం ఇచ్చిన గ్రాంట్‌తో మన 108 లాగే పెట్టారు, మొదట్లో నడిపింది కూడా మన 108 మొదలుపెట్టిన హైదరాబాద్ ఈఎంఆర్ఐ వాళ్లే. అంటే నేను నొక్కిన నంబర్ మరీ తప్పేం కాదన్నమాట! పావుగంటలో కింద రోడ్డు మీదకి వచ్చేసింది. ఇక్కడే ఆ మెట్లు. స్ట్రెచర్ తిరగదు, చివరికి ఆంటీ వాళ్లబ్బాయి, మా ఆయన కలిసి నాన్నని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు, ప్రతి మెట్టుకీ నా ప్రాణం పోయింది. వేలికి గుచ్చి చూస్తే షుగర్ 41. నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి నాన్న కళ్లు తెరిచి "ఏంటే, అందరూ ఇలా నిలబడ్డారు" అన్నారు.

అంబులెన్స్‌కి ఒక్క రూపాయి తీసుకోలేదు. అయితే వాళ్లు దగ్గర్లోని గవర్నమెంట్ ఆస్పత్రికే తీసుకెళ్తారు, మనం అడిగిన చోటికి కాదు. అక్కడ రద్దీ మన జీహెచ్ లాగే, కానీ డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు, ఈ రకం టాబ్లెట్ ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు, ఒక రోజు కనిపెట్టి చూడాలి అని. వార్డులో ఆయాలతో అరవంలో మాట్లాడాను, పెరంబూర్ అరవం అంత దూరంలో పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. మధ్యాహ్నం ప్రైవేట్‌కి మార్చాం. అక్కడ బెడ్ ఇచ్చే ముందే అడ్వాన్స్ కట్టమన్నారు. ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ మొదలైంది కదా, షాపుల్లో దర్జాగా స్కాన్ చేస్తూ తిరిగాం, ఈ కౌంటర్‌లో మాత్రం కార్డు లేదా క్యాష్ అన్నారు. కార్డులో ఇంటర్నేషనల్ లిమిట్ పెంచుకోవడానికి ఓటీపీ రావాలి, ఆ ఓటీపీ వచ్చే మన సిమ్ నేను చెన్నైలో తీసి డబ్బాలో పెట్టొచ్చాను. మా ఆయన సిమ్ రోమింగ్‌లో ఉండబట్టి బతికిపోయాం.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు నాన్నకి షుగర్ ఉందని రాశాను, ప్రీమియం పెరిగిందని ఇంట్లో గొణిగారు. మా పాలసీలో ముందున్న జబ్బుకి ప్రాణాపాయం అయితేనే డబ్బులిస్తారు, అదీ మొదటి 100 డాలర్లు మనవే. అందుకే డిశ్చార్జ్ కాగితంలో స్పృహ తప్పడం, ఆ 41 అంకె రెండూ రాయించుకున్నాను, ఒరిజినల్ బిల్లులు, పాస్‌పోర్ట్‌లో స్టాంపు కాపీలు దాచాను. అయినా ఏవేవో కాగితాలు అడిగి అడిగి మూడు నెలలకి సగానికి పైగా ఇచ్చారు.

కొండల్లో ఉండే ఎల్లా అనే ఊరికి ట్రైన్, అక్కడ రెండు రాత్రులు మానేశాం. అక్కడి చిన్న గెస్ట్‌హౌస్ ఆయన అడక్కుండానే మొత్తం డబ్బు వెనక్కి పంపాడు, కొలంబో పెద్ద హోటల్‌లో ఆఖరి రాత్రి బుకింగ్ ఒక్కరోజు ముందుకి జరపమంటే కుదరదన్నారు. ఇప్పుడు బయల్దేరేవాళ్లుంటే ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో పెట్టండి: అంబులెన్స్ 1990, పోలీస్ 119, టూరిస్టులకి 1912. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీస్ కంప్లయింట్, తర్వాత మన వాళ్ల ఆఫీసులో ఎమర్జెన్సీ సర్టిఫికెట్, కొలంబోలో హైకమిషన్ ఉంది, క్యాండీలోనూ అసిస్టెంట్ హైకమిషన్ ఉంది.

హోమ్‌స్టేకి 5 స్టార్లే ఇచ్చాను. కింద మాత్రం 43 మెట్లు, పెద్దవాళ్లతో వద్దు అని రాశాను. రెండు రోజులకి ఆంటీ మెసేజ్ పెట్టింది, నాన్నగారు ఎలా ఉన్నారు, మెట్లు 41 అమ్మా, మళ్లీ లెక్కపెట్టించాను అని.