ఘాట్ రోడ్డు మీద కరెంటు కారు: స్క్రీన్ లెక్క వేరు, గోడ మీటరు లెక్క వేరు

కోరాపుట్‌లో ఉంటాం, చుట్టాలంతా సాలూరు, విజయనగరం వైపు. కాబట్టి పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగడం, ఎక్కడం మాకు మామూలే. కొన్నేళ్లుగా నడుపుతున్న ఈ 30.2 కిలోవాట్ అవర్ల (అంటే 30.2 యూనిట్ల) బ్యాటరీ కారు మీద పెద్ద ఫిర్యాదుల్లేవు, వెనక సీటు కాస్త ఇరుకు, అంతే. కానీ "మైలేజీ ఎంతిస్తోంది?" అని అడగనివాడు లేడు, దానికి స్క్రీన్ చూసి జవాబు చెప్పడం మాత్రం కుదరదు.

సాలూరు దిగేసరికి స్క్రీన్ మీద కిలోమీటరుకు 90 వాట్ అవర్ల లోపే ఉంటుంది. జనం ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టేది ఇదే. తిరిగి ఎక్కితే 170 దాటుతుంది. మరి కోరాపుట్ సాలూరు కంటే 700 మీటర్లకు పైగా ఎత్తులో ఉందాయె! మనుషులు, సామానుతో కలిపి 1600 కిలోల బండిని అంత ఎత్తుకు చేర్చడానికే మూడు యూనిట్లు, అంటే బ్యాటరీలో పదో వంతు కావాలి, మోటారులో పోయేది దీనికి అదనం. దిగేటప్పుడు రీజెన్, అంటే మోటారే బండిని నిదానింపజేస్తూ కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపే పద్ధతి, అందులో కొంతే తిరిగిస్తుంది. అదీ బ్యాటరీలో చోటుంటేనే. 100 శాతం నింపుకుని దిగితే రీజెన్ పనిచేయక బ్రేకులు వేడెక్కుతాయి. అందుకే కిందికెళ్లే రోజు 85 దగ్గరే ప్లగ్ పీకేస్తాను.

కాబట్టి రానూపోనూ కలిపే లెక్కేయాలి. బ్యాటరీ శాతాలు చూసి వేయొద్దు, ఒక్క శాతం అంటేనే 300 వాట్ అవర్లు, దగ్గరి దూరాలకు ఆ తేడా చాలు లెక్క తప్పడానికి. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ వివరాలను ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్) పెడితే వోల్టేజి, కరెంటు ఎప్పటికప్పుడు కనబడతాయి, మైదానంలో వేగం 60 నుంచి 90కి పోతే ఖర్చు ఎలా ఎగబాకుతుందో చూస్తే కాలు దానంతటదే తేలికవుతుంది.

అసలు లెక్క ఇంటి దగ్గర, చార్జింగ్ సాకెట్‌కి పెట్టించిన సబ్ మీటరుది. కారు 100 యూనిట్లు వాడానంటే అది 112, 115 అంటుంది. ఏసీ కరెంటును డీసీగా మార్చేటప్పుడు చార్జర్‌లో వేడిగా పోయేది స్క్రీన్ లెక్కలోకి రాదు, బిల్లులోకి మాత్రం వస్తుంది. ఆ లెక్కన నాకు రానూపోనూ కిలోమీటరుకు 145 నుంచి 150 వాట్ అవర్లు పడుతోంది. డిసెంబరు చలిలో పొద్దున్నే హీటర్ వేసుకుని బయల్దేరితే ఇంకా ఎక్కువే.