కొచ్చిలో యూదుల జీవితం చూడాలంటే: ఏ రోజు, ఏ ఊరు, ఎక్కడ బస

టికెట్ తీసుకునే ముందు ఏ వారమో చూసుకోండి. మట్టన్‌చేరిలోని పరదేశీ సినగాగ్‌ (యూదుల ప్రార్థన మందిరం) లోకి శుక్ర, శనివారాల్లో పర్యాటకులను రానివ్వరు. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. కొచ్చి దగ్గరి ఊళ్లయిన పరవూర్, చేందమంగళం సినగాగ్‌లు ఇప్పుడు ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు కింద మ్యూజియాలుగా నడుస్తున్నాయి. వాటికి సోమవారం సెలవు. ఇక మిగిలేవి మంగళ, బుధ, గురువారాలు. ఆదివారం కూడా అన్నీ తెరిచే ఉంటాయి గానీ పరదేశీ సినగాగ్ ఉన్న జ్యూ టౌన్ సందులో ఆ రోజు కాలు పెట్టే చోటుండదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో యూదుల కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ వరసగా వస్తాయి. ఆ తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి చూసుకోకుండా బయల్దేరితే మూసిన తలుపే కనిపిస్తుంది.

సికింద్రాబాద్, గుంటూరు వైపు వాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. అందరూ ఎర్నాకుళం టౌన్‌లో దిగుతారు. పరవూర్ ముందు చూడాలనుకుంటే ఆలువాలోనే దిగిపోవడం మేలు. అక్కడి నుంచి పరవూర్‌కి బస్సులుంటాయి, దూరమూ తక్కువ. విమానంలో వచ్చేవాళ్లకూ అంతే. నెడుంబాశ్శేరి విమానాశ్రయం నుంచి నేరుగా పరవూర్, చేందమంగళం చూసుకుని సాయంత్రానికి కొచ్చి చేరితే ఒక పూట ప్రయాణం కలిసొస్తుంది. నగరంలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దండగ.

వీటిలో ఒక్కటే చూసే సమయముంటే పరవూర్ చూడమంటాను. పరదేశీ సినగాగ్‌కి పేరెక్కువ, పరవూర్‌లో అర్థమయ్యేది ఎక్కువ. 17వ శతాబ్దం మొదట్లో కట్టిన ఈ సినగాగ్‌కి వీధిలోంచి నేరుగా ద్వారం లేదు. ముందు రెండంతస్తుల పడిప్పుర (వాకిలి కట్టడం), దాని వెనక ముంగిలి, తర్వాత స్తంభాల నడవ, దాటాక ముందుగది, ఆఖరున ప్రార్థన మందిరం. నడవ దాటుతుంటే కేరళ గుడి ప్రాకారంలో ఉన్నట్టే అనిపిస్తుంది. కట్టిన వడ్రంగులూ తాపీవాళ్లూ ఈ నేలవాళ్లే కదా.

లోపలికి వెళ్లాక రెండు వేదికలను గమనించండి. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, చదివే వేదికను తేబా అంటారు. మామూలుగా అది మందిరంలో ఒక్కటే ఉంటుంది. కేరళ సినగాగ్‌లలో మాత్రం మేడమీద, ఆడవాళ్ల గది ముందు రెండోది కట్టారు. సబ్బాతుకీ పండుగలకీ అక్కడి నుంచే చదివేవారు. జాలీ వెనక కూర్చున్న ఆడవాళ్లకు ఆ చదువు చాలా దగ్గరగా వినిపించేది. మలయాళంలో యూదు పాటలను నోటు పుస్తకాల్లో రాసి, పెళ్లిళ్లలో పాడి, తరతరాలుగా కాపాడింది వాళ్లే. పరవూర్‌లో ఇప్పుడున్న హేఖల్, అంటే తోరా చుట్టలుంచే చెక్క మందసం, నకలు. అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. ఆ సంగతి తెలిసి చూస్తే రంగు మరీ కొత్తగా ఉందేమిటన్న అనుమానం రాదు.

చేందమంగళం అక్కడికి ఆటో దూరమే. సినగాగ్ ముందున్న సమాధి రాయిని చూడకుండా లోపలికి వెళ్లిపోతారు చాలామంది. ఇశ్రాయేలు అనే ఆయన కూతురు సారా సమాధి రాయి అది. దాని మీద ఉన్న కాలం 1269. మన దేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో ఇదే పాతదంటారు. ఎండ నిలువుగా ఉన్నప్పుడు అక్షరాలు కనిపించవు, ఉదయం ఏటవాలు వెలుతురులో తేలతాయి. ఊరు చేనేతకూ ప్రసిద్ధి, కసవు (జరీ) అంచు ముండులు, అంటే పంచెలు, సహకార సంఘాల్లో దొరుకుతాయి. కొచ్చి యూదు స్త్రీలు పండుగ బట్టల్లోని జరీ గుడ్డతో హేఖల్ తెరలు కుట్టేవారు, అందుకే ఈ రెండూ ఒకే రోజు చూడటం బాగుంటుంది.

మట్టన్‌చేరికి ఎర్నాకుళం నుంచి పడవ మీద రావడమే సుఖం. ఆటో అయితే వంతెనల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగొచ్చు. 2025లో మట్టన్‌చేరి టెర్మినల్ కూడా తెరిచారు. ఫోర్ట్ కొచ్చి ఆటోల విషయంలో జాగ్రత్త. మరీ తక్కువకు ఊరంతా తిప్పుతామంటే మధ్యలో కమీషన్ ఇచ్చే దుకాణాలకు తీసుకెళ్తారని అర్థం. 'దుకాణాలు వద్దు, ఇంత ఇస్తాను' అని ఎక్కే ముందే తేల్చుకోండి.

పరదేశీ సినగాగ్ 1568 నాటిది. మామూలుగా ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ మూడు నుంచి ఐదు దాకా తెరుస్తారు. మధ్యాహ్నం విరామంలో వెళితే రెండు గంటలు ఎండలో నిలబడాలి. చెప్పులు బయటే విడవాలి. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు వేసుకుంటే రానివ్వరు. ఫొటో తీసే ముందు అడగండి. నేలంతా 18వ శతాబ్దంలో చైనా నుంచి తెచ్చిన నీలం, తెలుపు పలకలు. ఏ రెండూ ఒకేలా ఉండవని గైడ్లు చెబుతారు. వంగి చూడండి: కొన్ని నమూనాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చేత్తో గీసినవి కాబట్టి ఒకచోట కొమ్మ కాస్త వంగి ఉంటుంది, ఇంకోచోట నీలం చిక్కబడి ఉంటుంది. బయటి గోడలో పొదిగిన రాయి కొచ్చంగాడిలో 1344లో కట్టిన పాత సినగాగ్‌ది. దాన్ని చూపించే గైడ్ దొరికితే మంచి గైడ్ అనుకోవచ్చు.

ఇక్కడ ప్రార్థన చూడాలని ఆశపడొద్దు. సామూహిక ప్రార్థనకు వయసొచ్చిన యూదు పురుషులు పదిమంది ఉండాలి. 1950ల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయాక ఆ పదిమంది కూడటమే కష్టమైంది. ప్రార్థన జరుగుతున్న సమాజం మన గుంటూరు జిల్లాలోనే ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు కుటుంబాలది చిన్న సినగాగ్. అది చూసి వచ్చే చోటు కాదు. వాళ్లు పిలిస్తేనే వెళ్లాలి.

జ్యూ టౌన్ వీధిలో పాత ఇళ్ల గుమ్మాలు చూడండి. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపు ద్వారబంధానికి, భుజమెత్తులో, మెజూజా ఉండేది. ద్వితీయోపదేశకాండం 6, 11 అధ్యాయాల్లోని భాగాలు రాసిన తోలు చుట్టను చిన్న గొట్టంలో పెట్టి బిగిస్తారు. 2019లో 96 ఏళ్ల వయసులో పోయిన సారా కోహెన్ కుట్టుపని దుకాణం ఈ వీధిలోనిదే. ఆవిడను చివరిదాకా చూసుకున్న ముస్లిం కుటుంబం దాన్ని నిలబెట్టింది. ఈ వీధిలో ఏదైనా కొనాలనుకుంటే ముందు ఆ కుట్టుపని చూడమంటాను.

సబ్బాతు భోజనానికి పెట్టే చల్లా రొట్టెల మీద కప్పే గుడ్డ తీసుకునేటప్పుడు తిరగేసి చూడండి. చేతికుట్టుకు వెనకవైపు ముడులుంటాయి, దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటుతుంది. మిషన్ కుట్టుకు వెనకంతా ఒకే తెల్లదారం, ఒకే బిగువు. కిప్పా టోపీని రేకులుగా కత్తిరించి కలుపుతారు. రేకుల కుట్లన్నీ నడినెత్తిన ఒక్క బిందువులో కలవాలి. కలవకపోతే అక్కడ బొడిపె లేచి టోపీ తలకు అతకదు. ముదురు వెల్వెట్ రంగు వదులుతుంది, ఉతికేటప్పుడు విడిగా ఉతకాలి. ఇత్తడి దీపాల దగ్గర ఇంకా జాగ్రత్త. 'పాత యూదు దీపం' అని అమ్మేవాటిలో కొత్తవే ఎక్కువ. హనుక్కా అనే దీపాల పండుగకు వాడే దీపానికి ఎనిమిది ఒత్తులు ఒకే ఎత్తులో, వాటిని వెలిగించే తొమ్మిదోది వేరుగా ఉండాలి. ఏడు కొమ్మలుంటే అది మెనోరా, హనుక్కాకు పనికిరాదు.

భోజనం విషయంలో, కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించేవాళ్లు తమ ఏర్పాటు తాము చేసుకుని రావాలి. మామూలు హోటల్లో శాకాహారం కూడా కోషర్ అయిపోదు, పాత్రలు, వంట పద్ధతి అన్నీ లెక్కే. కొచ్చి యూదుల వంటలో మాంసాన్ని పాలతో, నెయ్యితో కలపరు, ఆ చిక్కదనం కొబ్బరిపాలతో వస్తుంది. పస్కాకు అన్నం తింటారు గానీ బియ్యాన్ని గింజ గింజ ఏరాకే. ద్రాక్షసారా దొరక్క ఎండుద్రాక్ష మరిగించి వడకట్టి వాడుకునేవారు.

బసకు ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలకే నా ఓటు. ఇంటివాళ్లు అప్పం, ఇస్ట్యూ పెడతారు, సినగాగ్‌కి ఆటోలో దగ్గర. బుక్ చేసే ముందు దోమతెర, ఏసీ, పార్కింగ్ సంగతి అడగండి. డిసెంబరు చివర్లో కార్నివాల్ వల్ల అద్దెలు పెరుగుతాయి. పరవూర్‌కి, రైలుకి ఎర్నాకుళం హోటళ్లే అనుకూలం. అక్కడ ఉంటే మార్కెట్ రోడ్డులో కడవుంభాగం సినగాగ్ నడకదూరం. ముందు అలంకార చేపల తొట్లు, మొక్కలు అమ్మే దుకాణం ఉంటుంది, దాని వెనకే మందిరం. తెలియనివాళ్లు దాటి వెళ్లిపోతారు. దుకాణంలో మర్యాదగా అడిగితే తలుపు తీస్తారు. శనివారం మాత్రం అడగొద్దు.