నయీంనగర్ కంప్యూటర్ షాపు: గ్రాఫిక్స్ డ్రైవర్ తంటాకు నా మార్కులు ఐదుకు నాలుగు

విండోస్ 11 వేయించాక మీ గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపించే భాగం) మొరాయిస్తుంటే, తప్పు దాన్ని విండోస్‌తో కలిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ది కావచ్చు. కొత్త కార్డుకు డబ్బులు తీసే ముందు సీపీయూను ఒకసారి ఈ షాపుకు పట్టుకెళ్లండి. హనుమకొండ చౌరస్తా నుంచి కేయూ క్రాస్ వైపు వెళ్తుంటే నయీంనగర్ వంతెన దాటాక, మందుల షాపు పైన మొదటి అంతస్తు. బోర్డు మీద సీసీ కెమెరాలు, ప్రింటర్ రీఫిల్లింగ్ అని పెద్ద అక్షరాలు, అడుగున కంప్యూటర్ సర్వీస్ అని చిన్న అక్షరాలు. ఆ చిన్న అక్షరాల పనే వీళ్లకు బాగా వచ్చు.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు పంపిస్తే కిషన్‌పురలో ఇంట్లోనే కూర్చుని షీట్లు తయారు చేసి ల్యాబ్‌కు పంపుతాను. 12 బై 36 అంగుళాల షీటు ఒక్కటి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800 బై 3,600 పిక్సెళ్లు. దాని మీద పది పన్నెండు లేయర్లు పెట్టి జూమ్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంకూ లేని సిస్టంకూ తేడా అప్పుడే తెలిసిపోతుంది. నాది ఎనిమిదో జనరేషన్ ఐ5, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. 2016లో వచ్చిన మోడల్. గేములు ఆడే పిల్లలు చూస్తే నవ్వుతారు కానీ, నా పనికి ఇప్పటికీ ఢోకా లేదు.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. బ్యాంకు లావాదేవీలు కూడా ఇదే సిస్టంలో చేస్తాను కాబట్టి వేరే చోట (పేరు ఎందుకులెండి) విండోస్ 11 వేయించాను. ప్రాసెసర్ అర్హత ఉన్నదే, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) టీపీఎం అనే భద్రతా ఏర్పాటు ఆన్ చేస్తే సరిపోయిందట. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే రెండో మానిటర్ నల్లగా ఉంది. మొదటిదాంట్లో అక్షరాలన్నీ లావుగా, సాగదీసినట్టు ఉన్నాయి. ఫొటోషాప్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ అనే చోట టిక్ పెట్టుకోవడానికే లేదు. సిస్టంలోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43 అని ఎర్రర్.

విండోస్ వేసినవాళ్లకు ఫోన్ చేశాను. "కోడ్ 43 అంటే కార్డు కాలిపోయినట్టే మేడం. పాతది కదా, కొత్తది వేసుకోండి. అప్పటిదాకా మానిటర్ వైరు మదర్‌బోర్డుకు పెట్టుకోండి" అన్నారు. పెట్టి చూశాను. బొమ్మ వచ్చింది, నిజమే. కానీ అప్పుడు పనంతా ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ మీద పడుతుంది. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. షీటు మీద జూమ్ చేసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి కదులుతుంటే పని నడవదు. అవతల ల్యాబ్‌కు షీట్లు పంపాల్సిన తేదీ దగ్గర పడింది. టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఈ షాపులో పని చేసే తమ్ముడికి పాతికేళ్లు కూడా ఉండవు. నేను "కార్డు కాలిపోయిందట తమ్మీ" అంటే సీపీయూ మూత కూడా తీయలేదు. మానిటర్ వైరు కార్డుకే పెట్టి ఆన్ చేసి, నేరుగా బయాస్ తెరిచి కాసేపు అలా వదిలేశాడు.

"అక్కా, ఇక్కడ విండోసే లేదు, డ్రైవర్ లేదు. అయినా కార్డు నుంచి బొమ్మ మంచిగ వస్తుంది. కార్డు పాడైతే ఇక్కడ్నే గీతలు, రంగు చుక్కలు కనవడ్తయ్. కోడ్ 43 అంటే కార్డు పోయిందని కాదు. కార్డుకు, విండోస్‌కు నడుమ ఎక్కడ్నో మాట కలుస్తలేదని. తప్పు ఎవరిదో మనం చూడాలె."

అంతటితో వదిలేయకుండా పెన్‌డ్రైవ్ పెట్టి ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) నడిపించాడు. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పద్ధతి ఉంది కదా, అది. షాపులోని రెండు మానిటర్లూ నా కార్డుకే తగిలించాడు. రెండిట్లోనూ బొమ్మ పూర్తి రిజల్యూషన్‌లో వచ్చింది. అదే కార్డు, అదే మదర్‌బోర్డు, మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. కార్డు బాగుందని నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కార్డు అమ్మజూపినవాళ్లు ఇది ఎందుకు చేయలేదో వాళ్లకే తెలియాలి.

జరిగిందేమిటో కూడా విడమర్చి చెప్పాడు. విండోస్ 10 మీద ఉన్న ఎన్విడియా (నా కార్డులోని చిప్ కంపెనీ) డ్రైవర్ ఫైళ్లు అప్‌గ్రేడ్‌లో అలాగే వచ్చేశాయి. ఇంటర్నెట్ తగలగానే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న ఇంకో వెర్షన్‌ను వాటి మీద వేయబోయి మధ్యలో ఆగిపోయింది. పాతది పూర్తిగా పోలేదు, కొత్తది పూర్తిగా ఎక్కలేదు. విండోస్ తన దగ్గరుండే బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌తో నెట్టుకొస్తోంది. అది ఒక్క మానిటర్‌కు బొమ్మ ఇస్తుంది, అంతే. రెండో మానిటర్, ఫొటోషాప్‌కు కావాల్సిన వేగం దాని వల్ల కావు.

ఇక బాగు చేసిన తీరు. డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని ఇంటర్నెట్ వైరు పీకేశాడు, లేకపోతే మనం తుడిచే లోపే విండోస్ మళ్లీ తన డ్రైవర్ దించుతుంది. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందా అని చూశాడు. ల్యాప్‌టాప్ వాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి, అది ఆన్‌లో ఉంటే సేఫ్ మోడ్‌కు (తప్పనిసరి ఫైళ్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది దగ్గర లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. నా సిస్టంలో బిట్‌లాకర్ ఆన్‌లో లేదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాడు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎన్విడియా జాడలన్నీ ఊడ్చేశాడు. కంట్రోల్ ప్యానెల్‌లో మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఇన్ని ఫైళ్లు పోవట. రీస్టార్ట్ అయ్యాక కొత్త డ్రైవర్ ఎక్కించాడు. స్క్రీన్ రెండుసార్లు ఆరి వెలిగింది, రెండో మానిటర్ దానంతటదే లేచింది.

డ్రైవర్ ఎంచుకోవడంలోనూ తమ్ముడు జాగ్రత్తపరుడే. 1050 టీఐ తరం కార్డులకు ఎన్విడియా 580 సిరీస్ డ్రైవర్లతో ఆపేసింది. 2025 అక్టోబర్ తర్వాత వీటికి మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లే, అవీ 2028 అక్టోబర్ వరకు. "లేటెస్ట్ అని కనవడ్డదల్లా డౌన్‌లోడ్ చేస్తే నీ కార్డుకు ఎక్కదక్కా, 580లోనే చూడాలె" అన్నాడు. కార్డు అమ్ముకోవడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. "ఇప్పుడైతే అవసరం లేదు, 2028 నాటికి ఆలోచించుకో" అని ఊరుకున్నాడు. గేములవాళ్ల కోసం వచ్చే గేమ్ రెడీ కాకుండా స్టూడియో అనే రకం డ్రైవర్ వేశాడు. ఫొటోషాప్ వాడేవాళ్లకు అదే మేలట.

ఛార్జీ 500 రూపాయలు. సీపీయూ దుమ్ము బ్లోయర్‌తో కొట్టిచ్చినందుకు వేరే తీసుకోలేదు.

ఇప్పుడు ఒక మార్కు ఎందుకు కోశానో. ఇంటికెళ్లి పాత ఆల్బమ్ షీటు తెరిస్తే రంగులు తేడాగా ఉన్నాయి. పెళ్లికూతురి జడ బూడిద పూసినట్టుంది, మెరూన్ పట్టుచీర వెలిసిపోయింది. ఇలాంటి స్క్రీన్ చూసి కలర్ కరెక్షన్ చేస్తే ప్రింటు నల్లగా వస్తుంది, ల్యాబ్ వాళ్లు డబ్బులు వెనక్కివ్వరు. షాపుకు ఫోన్ చేస్తే మధ్యాహ్నమంతా ఎత్తలేదు. సాయంత్రం ఎత్తి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ పేజీకి వెళ్లి అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అనే చోట లిమిటెడ్ ఉంటే ఫుల్ చేయమన్నాడు. హెచ్‌డీఎంఐలో తగిలిస్తే కొన్ని మానిటర్లను టీవీ అనుకుని డ్రైవర్ అలా పెట్టేస్తుందట. మార్చగానే నలుపు నలుపైంది. దాని తర్వాత నా మానిటర్ కలర్ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా చూపించే ఫైలు) కూడా నేనే మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

సరే, ఫోన్‌లోనైనా దారి చూపించాడు. కానీ నేను ఏం పని చేస్తానో ముందే చెప్పాను కదా. ఆల్బమ్ పని చేసే మనిషికి సిస్టం తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క ఫొటో తెరిచి రంగులు చూస్తే సరిపోయేది. వీళ్ల లెక్కలో బొమ్మ వస్తే పని అయిపోయినట్టు. స్టూడియోల వాళ్లు, ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్లు సీపీయూ వెనక్కి తీసుకునే ముందు పెన్‌డ్రైవ్‌లో తెలిసిన ఫొటో ఒకటి పట్టుకెళ్లి అక్కడే తెరిపించుకోండి.

చిల్లర ఫిర్యాదులూ ఉన్నాయి. మెట్లు ఇరుకు, సీపీయూ మోసుకుంటూ ఎక్కితే మోచేతులు గోడకు తగులుతాయి. రేట్ల పట్టిక లేదు. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనకాల పెన్నుతో రాసిచ్చాడు. మూతకు ఉండాల్సిన స్క్రూ ఒకటి తక్కువ వచ్చింది, పోనీలే. షాపు ఓనర్ వచ్చాడంటే సీసీ కెమెరాల బేరాల్లో పడతాడు, మన మాట సగమే వింటాడు. తమ్ముడు ఉన్నప్పుడే వెళ్లండి. పొద్దున పదిన్నర తర్వాత ఉంటాడు, ఆదివారం సెలవు. కింద బైకులు పెట్టడానికి చోటు లేదు. సీపీయూ తెచ్చుకునేవాళ్లు ఆటోలో రావడం మేలు. మానిటర్ మోసుకురావద్దు, వాళ్ల దగ్గర ఉన్నాయి.