పుచ్చిన పాలపళ్ళకు డ్రిల్ లేని మందు: మూడేళ్ళు వాడాక

మా పాప ఇప్పుడు పళ్ళ డాక్టర్ దగ్గర కుర్చీ తనంతట తానే ఎక్కి నోరు తెరుస్తుంది. మూడేళ్ళ కింద టూత్‌బ్రష్ చూస్తేనే పెదాలు బిగించేది. ఈ మార్పు ఒక చిన్న సీసాలో ఉన్న మందు వల్ల వచ్చింది. పేరు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, క్లినిక్‌లో ఎస్‌డీఎఫ్ అంటారు. నాకు ఈ మందు మీద ప్రేమ ఉంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

2022 ఆగస్టులో పాపకు మూడున్నరేళ్ళు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే పడుకునేది, ఆ అలవాటు మాన్పించకపోవడం మా తప్పే. పైన ముందు పళ్ళు రెండు, దవడ పళ్ళు నాలుగు పుచ్చాయి. మొదట ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్ళాం. నన్ను బయట కూర్చోమన్నారు. లోపల ఇద్దరు చేతులు పట్టుకుని ఇంజెక్షన్ ఇవ్వబోయారు. ఆ ఏడుపు వినలేక లోపలికి వెళ్ళి బిడ్డను ఎత్తుకుని వచ్చేశాను. తర్వాత రెండు నెలలు ఇంట్లో ఎవరు చెంప మీద చెయ్యి వేసినా ఉలిక్కిపడేది. ఆ రెండు నెలలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండో డాక్టర్ పిల్లల పళ్ళ స్పెషలిస్టు. మొదటి రోజు ఏ వైద్యమూ చెయ్యలేదు. పాపను నా ఒళ్ళోనే కూర్చోబెట్టి, అద్దం చేతికిచ్చి పళ్ళు లెక్కపెట్టించారు. రెండోసారి వెళ్ళినప్పుడు పెదాలకు వాజలిన్ రాసి, పంటి చుట్టూ దూది పెట్టి, అగ్గిపుల్లంత బ్రష్‌తో ఒక్కో పంటికి మందు అద్దారు. పంటికి నిమిషం పట్టింది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్ చప్పుడు లేదు. "ఇనుము రుచి ఉంది నాన్నా" అంది, అంతే.

ఇందులో వెండి పుచ్చులోని క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. జపాన్‌లో 1970ల నుంచే వాడుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు ఇంట్లో అసలు ఇబ్బంది మా అమ్మతో వచ్చింది. అమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన వాళ్ళ మధ్య పెరిగిన మనిషి. మందు పేరు వినగానే ముఖం మారిపోయింది.

"మా ఊర్ల బొక్కలు వంగింది దీంతోనే గద బిడ్డా, పసిదాని నోట్ల పెట్టిస్తవా?"

అమ్మ భయాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించాను. ఊళ్ళో జరిగింది ఏళ్ళ తరబడి రోజూ తాగిన నీళ్ళ వల్ల, ఇది ఆర్నెల్లకోసారి పంటికి అద్దే చుక్క అని ఆయన ఓపిగ్గా చెప్పారు. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు కానీ అడ్డు చెప్పలేదు.

ఆర్నెల్లకు చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టర్ సన్నటి పరికరంతో పుచ్చిన చోట తట్టి చూపించారు. మొదటిసారి తడి సుద్దలా మెత్తగా ఉన్న చోటు ఇప్పుడు టక్ టక్‌మంది. ఆ చప్పుడు నా చెవులతో విన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా నాకు ఆ చప్పుడే గుర్తొచ్చింది. ఒక్కో పంటికి రూ.500 ఇచ్చాం. అప్పట్లో తెలిసిన ప్రతి తల్లిదండ్రులకూ ఫోన్ చేసి మరీ ఈ మందు గురించి చెప్పాను.

ఆ ఫోన్లలో నేను సరిగా చెప్పని విషయం ఒకటుంది, రంగు. మందు తగిలిన పుచ్చు నల్లగా మారుతుంది, మంచి పన్ను మారదు. డాక్టర్ ఫోటోలు చూపించే చేశారు, మేం సంతకం పెట్టే చేయించాం. కానీ ఫోటోలో చూడడం వేరు, మన బిడ్డ నవ్వులో చూడడం వేరు. యూకేజీలో గ్రూప్ ఫోటో రోజు పాప మూతి ముడుచుకుని నిలబడింది. ఎవరో పిల్లాడు "నీ పళ్ళకు బొగ్గు అంటింది" అన్నాడట. నా భార్య ఆ రాత్రి ఏడ్చింది. ఆ వారమే ముందు పళ్ళ మీద తెల్ల సిమెంట్ ఫిల్లింగ్ వేయించాం. అది సగం కప్పింది, సగం కప్పలేదు. దవడ పళ్ళకైతే రంగు గురించి నాకే బాధా లేదు. ముందు పళ్ళకు ఇప్పుడైతే ఇంకో రెండు రోజులు ఆలోచించుకునేవాణ్ణి.

అసలు దెబ్బ 2024 సద్దుల బతుకమ్మ రాత్రి తగిలింది. పాప ఆడి, పాడి, సత్తుపిండి తిని పడుకుంది. ఒంటిగంటకు ఎడమ చెంప పట్టుకుని లేచింది. తెల్లారేసరికి దవడ వాచింది. కింద ఎడమవైపు, రెండు దవడ పళ్ళ మధ్య ఉన్న పుచ్చు అది. మందు పైన గట్టిపరిచింది కానీ ఆ సందులో రోజూ అన్నం ఇరుక్కుంటూనే ఉంది. లోపల పుచ్చు పెరిగి నరం దాకా వెళ్ళింది. ఇక్కడ మందును తిట్టడానికి నాకు హక్కు లేదు. అంతా బాగానే ఉంది కదా అని వరుసగా రెండు చెకప్‌లు మానేశాం. ఏడాదికి పైగా ఎక్స్‌రే తీయించలేదు. పుచ్చు ఆగింది అని నేను అందరికీ చెప్పిన మాటకు "అన్ని పళ్ళలోనూ కాదు, చూసుకుంటూ ఉంటేనే" అని చేర్చాల్సి ఉండె.

వాపు తగ్గడానికి మందులిచ్చి, పాలపంటికి చేసే రూట్ కెనాల్‌కు డేట్ ఇచ్చారు. ఆ పన్ను పదేళ్ళ దాకా ఉండాలి, ముందే పీకేస్తే పక్క పళ్ళు జరిగి కొత్త పంటికి చోటు ఉండదన్నారు. ఇంజెక్షన్ తప్పదు. పాత భయం మళ్ళీ వస్తుందేమోనని నాకు చాలా టెన్షన్. భయం తగ్గించే లాఫింగ్ గ్యాస్ పెడదామన్నారు. అది ముక్కుతోనే పీల్చాలి, పాపకు జలుబు చేసి ఉంది, కాబట్టి నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఈ చిన్న సంగతి ఎవరూ ముందు చెప్పరు.

ఆ రోజు ముక్కుకు చిన్న మాస్క్ పెట్టారు, స్ట్రాబెర్రీ వాసన. పాప నిద్రపోలేదు, అడిగినదానికి జవాబు చెప్తూనే ఉంది. కాసేపటికి "కాళ్ళకు తిమ్మిరెక్కింది నాన్నా, మంచిగుంది" అంది. మొదట చిగురు మీద మొద్దుబార్చే జెల్ రాసి, తర్వాత ఇంజెక్షన్ చేశారు. నా వేలు పట్టుకున్న చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది, మళ్ళీ వదులైంది. చివర్లో ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇచ్చారు. బయటికి వచ్చి తనే నడిచింది. పంటికి స్టీల్ క్యాప్ వేశారు. తెల్లటి జిర్కోనియా క్యాప్ కూడా ఉంది కానీ దానికి పన్ను ఎక్కువ అరగదీయాలి, ఖర్చూ ఎక్కువ. అన్నీ కలిపి మాకు దాదాపు రూ.9,000 అయింది.

రెండేళ్ళు కుర్చీలో నొప్పి లేకుండా కూర్చున్న అలవాటు లేకపోతే ఆ మాస్క్‌ను పాప దగ్గరికి రానిచ్చేదా అన్నది నాకు అనుమానమే. నా లెక్కలో ఎస్‌డీఎఫ్ మాకు చేసిన అసలు మేలు అది. దవడ పళ్ళలో మిగతా మూడూ గట్టిగానే ఉన్నాయి. నల్లబడిన ముందు పళ్ళు ఈ ఏడాది ఊడిపోయాయి, కొత్తవి తెల్లగా మొలుస్తున్నాయి. అమ్మ ఆ పళ్ళను పేడలో పెట్టి ఇంటి మీదికి విసిరింది.

మా పాప చిన్నది, బాగా భయపడిపోయి ఉంది, పళ్ళు అప్పటికి నొప్పి పెట్టడం లేదు, క్లినిక్ బండి మీద పది నిమిషాల దూరం. ఇవన్నీ కలిసొచ్చాయి. రాత్రి నిద్రలో నొప్పికి లేచే పిల్లలకు ఈ మందు సరిపోదని మా డాక్టరే అంటారు. కాస్త పెద్దయి, కుదురుగా కూర్చునే పిల్లలకు మామూలు ఫిల్లింగే నయం కావచ్చు. ఆర్నెల్లకోసారి తప్పకుండా వెళ్ళలేని ఇంట్లో నేను దీన్ని గట్టిగా చెప్పలేను.

పోయిన నెల పాపకు కొత్తగా వచ్చిన, ఆరేళ్ళప్పుడు మొలిచే దవడ పళ్ళ మీది గాడుల్లో సీలెంట్, అంటే పుచ్చకుండా ఆ గాడులను మూసే పూత, వేయించాం. దాని గురించి రాయడానికి ఇంకా రెండేళ్ళు కావాలి.