లగేజీ తూచే కొక్కెం కాటా: చిల్లరంగడి వాడి మాట

చిత్తూరు బజారు వీధిలో ముప్పై ఏళ్లుగా చిల్లరంగడి నడుపుతున్నా. తూకంలో నన్ను ఏమార్చడం కష్టం. అలాంటి నన్ను 449 రూపాయల కొక్కెం కాటా ఒక రాత్రంతా తిప్పలు పెట్టింది. అయినా కొనుక్కోమనే చెప్తా.

ఆగస్టులో మా అమ్మాయి ఎం.ఎస్. చదవడానికి డల్లాస్ పోయింది. టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచి 7 కిలోలు. తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న పెట్టె ఒక్కోటి ఖాళీగానే నాలుగుంపావు కిలోలుంది. అంగట్లో కాటా 30 కిలోల దాకా తూస్తుంది గానీ అంత పెట్టె పళ్లెం మీద పెడితే అంకెలు కనబడవు. అందుకే ఈ కొక్కెం ఆన్‌లైన్‌లో తెప్పించాం.

అరచేతిలో పట్టేంత ఉంది. పెట్టె పిడికి పట్టీ తగిలించి పైకెత్తితే, అంకె కాసేపు ఊగి, కీచుమని నిలుస్తుంది. వచ్చిన రోజే అంగడి రాళ్లతో పరీక్ష పెట్టా. నా కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేస్తారు, దీనికేముంది? 5 కిలోలకు సరిగ్గా 5 చూపింది. 10కి 9.95. 20కి 19.85. బరువు పెరిగేకొద్దీ తక్కువ చూపిస్తోంది. అంగట్లో అయితే నష్టం నాకు, ఎయిర్‌పోర్టులో అయితే మా పిల్లకు. కాబట్టి దీని మీద 22.5 దాటకూడదని గీత గీసుకున్నాం.

ఇక ఏది పెట్టాలి, ఏది తీయాలి. మా ఇంటామె మూడు జార్ల మిక్సీ పెడతానని పట్టు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల మిక్సీ తిరగదని చెప్తే, అప్పుడు గానీ దించలేదు. కందిపప్పు మూడు కిలోలు నేనే తీసేశా. డల్లాస్ చుట్టుపక్కల మన సరుకులు దొరుకుతాయి, నా అంగడి సరుకే పెట్టాలని నాకూ ఉన్నా సరే. అవ్వ కష్టపడి చేసిన నాటుకోడి పచ్చడి దగ్గరే అందరం ఆగిపోయాం. మాంసం అక్కడి కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పారేస్తారు. అవ్వకు ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి అమ్మాయే చెప్పింది, "అవ్వా, నువ్వే తిను, నేను ఫోన్లో చూస్తా" అని.

పెట్టినవి చెప్తా: చెనిక్కాయల పొడి కిలో, మామిడికాయ ఊరగాయ కిలోన్నర, 3 లీటర్ల కుక్కర్, అదనంగా రెండు గ్యాస్కెట్లు, రెండు జతల కళ్లద్దాలు. అద్దాలకు బరువెంత, ఖరీదు మాత్రం అక్కడ ఎక్కువ. సర్టిఫికెట్లు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే.

ప్రయాణానికి ముందు రాత్రి పదకొండుకు పెద్ద పెట్టె ఎత్తా. 49.6! మా ఇంటామె అక్కడే కూలబడింది. నాకూ టెన్షన్. యాభై కిలోల బియ్యం బస్తాలు మోసిన భుజం ఇది, అంత లేదని అది చెప్తూనే ఉంది. నేనే వినలేదు. గబగబా కుక్కర్ తీసేసి మళ్లీ ఎత్తా. 45.4. అప్పుడు అనుమానం వచ్చింది. అంగడి కాటా మీద ఆ కుక్కర్ 1.9 కిలోలే, ఇక్కడ తగ్గింది 4.2. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అంకె పక్కన చీమంత అక్షరాల్లో కిలోలు కాదు, పౌండ్లు. పెట్టె పైకెత్తేటప్పుడు బొటనవేలు పడే చోటే కిలోలను పౌండ్లు చేసే బటన్ పెట్టారు మహానుభావులు. 49.6 పౌండ్లంటే 22.5 కిలోలు. కుక్కర్ మళ్లీ లోపలికి పోయింది.

ఇంకో ఇబ్బంది, పెట్టెను ఒక్కరే ఎత్తి కదలకుండా పట్టుకోవడం. పాత రోజుల్లో చింతపండు బస్తాలు తూచినట్టు, కాటా పిడిలో వెదురు కర్ర దూర్చి ఇద్దరం చెరో పక్క ఎత్తాం. నడుం బతికింది, అంకె కూడా త్వరగా నిలిచింది. వంద గ్రాముల లోపు వస్తువులకు మాత్రం ఇది పనికిరాదు, కదలదు.

చెన్నై ఎయిర్‌పోర్టు కౌంటర్లో పెద్ద పెట్టె 22.7, చిన్నది 22.6 చూపాయి. నా లెక్క తప్పలేదు. పక్క వరుసలో ఎవరో పెట్టె విప్పి, కింద చీరలు పరుచుకుని, ఏది తీయాలో తేలక నిలబడి ఉన్నారు. మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది.

ఐదుకు మూడున్నర ఇస్తా. బటన్ కోసం ఒకటి, తక్కువ చూపినందుకు అర తీసేశా. గుండీ సెల్‌తో పనిచేస్తుంది, ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి. మాది ప్రస్తుతం పక్కింట్లో ఉంది, వాళ్లబ్బాయి జనవరిలో పోతున్నాడు. బటన్ మీద ప్లాస్టర్ అతికించే ఇచ్చా.